పిల్లల్ని విత్తనం దగ్గర కూర్చోబెట్టండి



ఆషాఢ పౌర్ణమితో వర్షావాసం మొదలవుతుంది. ఈ మూడు నెలలూ మన విహారాల్లో బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' చదువుకుంటాం. మంచి అలవాటే. కానీ అసలు వర్షావాసం ఎందుకొచ్చిందో మన పిల్లల్ని అడిగి చూడండి, చాలామంది చెప్పలేరు. పెద్దవాళ్లం మనమే తడుముకుంటాం. ఆ సంగతి వినయపిటకంలో ఉంది. వానాకాలంలో కూడా భిక్షువులు ఊరూరా తిరుగుతుంటే జనం గొణిగారట. వీళ్లు పచ్చగడ్డి తొక్కేస్తున్నారు, చిన్న చిన్న ప్రాణుల్ని కాళ్లకింద నలిపేస్తున్నారు, పిట్టలు సైతం వానకు గూడు కట్టుకుని ఒకచోట ఉంటాయి కదా, వీళ్లకేమైంది అని. ఆ మాట తథాగతుడి దాకా వచ్చింది. ఆయన కోప్పడలేదు. వానాకాలం మూడు నెలలు ఒకే చోట ఉండండని సంఘానికి నియమం పెట్టాడు.

అంటే గడ్డిపరక గురించీ, పురుగు గురించీ మామూలు జనం చెప్పిన మాట మీద సంఘ నియమం పుట్టింది. అందుకే ఈ వర్షావాసంలో పిల్లల గురించి, మట్టి గురించి, విత్తనం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

తథాగతుడు పిల్లలకు ఎట్లా చెప్పాడో చూడండి. రాహులుడు అప్పటికి చిన్నవాడు, ఏడేళ్లవాడని అట్ఠకథలు అంటాయి. అబద్ధం ఆడకూడదని ఆ పిల్లవాడికి చెప్పాలి. అందుకోసం ఉపన్యాసం ఇయ్యలేదు. కాళ్లు కడుక్కున్న పాత్రలో కాసిని నీళ్లు మిగిల్చి, రాహులా, ఈ కొంచెం నీళ్లు చూశావా అని అడిగాడు. ఆ నీళ్లు పారబోసి చూపించాడు. పాత్రను బోర్లించి చూపించాడు. మళ్లీ తిప్పి ఖాళీ పాత్ర చూపించాడు. చూపించిన ప్రతిసారీ ఒక్క మాట చెప్పాడు. ఇంట్లో ఉన్న వస్తువు, చేతిలో ఉన్న నీళ్లు, ఎదురుగా పిల్లవాడు. మజ్ఝిమ నికాయంలో ఉన్న ఈ సుత్తం మన తల్లిదండ్రులందరూ ఒక్కసారైనా చదవాలి. ధమ్మ గుణాలు చెప్పేటప్పుడు 'ఎహిపస్సికో' అంటాం కదా, వచ్చి చూడు అని. నమ్ము అనలేదు, చూడు అన్నాడు.

మరి మనం ఏం చేస్తున్నాం? ఆదివారం పిల్లల్ని విహారానికి తీసుకొస్తాం. త్రిశరణాలు, పంచశీలాలు పాళీలో గడగడా అప్పజెప్పిస్తాం. తప్పు పోతే దిద్దుతాం, చప్పట్లు కొడతాం. 'పాణాతిపాతా' అని చక్కగా పలికిన పిల్లవాడే బయటికి వచ్చి తూనీగ తోకకు దారం కట్టి ఎగరేస్తాడు. తప్పు వాడిది కాదు. నోటికి నేర్పాం, చేతికి నేర్పలేదు.

ఇక ఇంటికి వెళ్తే ఇంకో మాట వినపడుతుంది. "ఛీ, మట్టి! చెయ్యి కడుక్కో!" "కింద కూర్చోకు, బట్టలు పాడైతాయి." "పురుగు కరుస్తది, లే!"

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. మన తాతలు మట్టిలో బతికారు. వెట్టిలో బతికారు. ఊరి చెత్త, చచ్చిన గొడ్డు, మురుగు, బురద అన్నీ మనవాళ్ల నెత్తినే పెట్టారు. ఆ పనులు చేయించుకున్నవాళ్లే 'మీరు మైలవాళ్లు' అన్నారు. అందుకే చదువుకుని ఉద్యోగం తెచ్చుకుని పట్నంలో రెండు గదుల ఇల్లు తీసుకున్న తల్లికి, బిడ్డ మట్టిలో చెయ్యి పెడితే గుండె ఝల్లుమంటుంది. 'మా అమ్మ చేతులు పగిలింది దీనికోసమేనా' అనుకుంటుంది. ఆ బాధను తేలిగ్గా తీసెయ్యకూడదు. తోటపని, ప్రకృతి ప్రేమ అని పత్రికల్లో రాసేవాళ్లకు ఈ బాధ తెలియదు. తరతరాలుగా మట్టి ముట్టని ఇంట్లో పుట్టినవాడికి మట్టి సరదా. మనకట్లా కాదు.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. మన తాతల మీద బలవంతంగా రుద్దింది వెట్టిని. మట్టి మనకేం చేసింది? వెట్టిని వదిలించుకుంటూ మట్టిని కూడా అసహ్యించుకుంటే, మనల్ని మైల అన్నవాళ్ల మాటే మన నోటితో మన బిడ్డకు నేర్పినట్టవుతుంది. 'మట్టి ముట్టుకున్న చెయ్యి తక్కువ చెయ్యి' అని ఆ బిడ్డ నేర్చుకుంటుంది. రేపు వీధి ఊడ్చే అక్కను చూసి ముక్కు మూసుకుంటుంది.

సిద్ధార్థుడి బాల్యం గురించి బాబాసాహెబ్ రాసింది గుర్తు తెచ్చుకోండి. తండ్రి పొలానికి వెళ్లిన పిల్లవాడు చెట్టుకింద ధ్యానం చేశాడన్న కథ అందరూ చెబుతారు. బాబాసాహెబ్ ఇంకోటి కూడా చెప్పాడు. ఆ పొలంలో మండుటెండలో సరైన బట్టలేని కూలీలు దున్నుతున్నారు, గట్లు వేస్తున్నారు, చెట్లు కొడుతున్నారు. ఒకడి కష్టం మీద ఇంకొకడు బతకడం న్యాయమేనా అని ఆ పిల్లవాడు స్నేహితుణ్ణి అడిగాడు. కాబట్టి మన పిల్లలకు ప్రకృతిని చూపించేటప్పుడు పువ్వునూ పిట్టనూ చూపిస్తే సరిపోదు. ఆ అన్నం మెతుకు వెనక ఎవరి నడుం వంగిందో అదీ చూపించాలి.

సరే, ఎట్లా మొదలుపెట్టాలి? విత్తనంతో మొదలుపెట్టండి. డబ్బు పెట్టి కొనే సామాను ఏమీ అక్కర్లేదు. వంటింట్లో అలసందలో, పెసలో ఉంటాయి. ఐదు గాజు గ్లాసులు, లేకపోతే తాగి పడేసిన ప్లాస్టిక్ గ్లాసులు కడిగి తీసుకోండి. పాత గుడ్డ ముక్కలు చాలు. గింజల్ని ఒక రాత్రి నానబెట్టండి, ఒక గ్లాసుకు మాత్రం నానబెట్టని పొడి గింజలు ఉంచండి. మొదటి గ్లాసులో తడిగుడ్డకూ గ్లాసు గోడకూ మధ్య గింజ పెట్టి కిటికీ దగ్గర ఉంచాలి. రెండోదాన్నీ అట్లాగే చేసి బీరువాలో చీకట్లో పెట్టాలి. మూడోదాంట్లో ఆ పొడి గింజలు, పొడి గుడ్డ. నాలుగోది నిండా నీళ్లు, గింజలు అడుగున. ఐదోదాంట్లో ఉడకబెట్టిన గింజలు, తడిగుడ్డ. పనంతా పిల్లచేతే చేయించండి. నీళ్లు ఒలికితే ఒలకనీయండి.

తర్వాత ఏం జరుగుతుందో మీరు ముందే చెప్పకండి. ఇది చాలా కష్టం, నాకు తెలుసు. మనకు నోరు ఊరుకోదు. "ఏమైతదనుకుంటున్నావు?" అని మాత్రం అడగండి. ఏం చెప్పినా అవునా అనండి. నాలుగైదు రోజులు పొద్దున్నే పళ్లు తోముకోకముందే పిల్లలు గ్లాసుల దగ్గరికి పరుగెత్తుతారు. ముందు వేరు వస్తుంది, ఆకు కాదు. చాలామంది పెద్దవాళ్లకే ఇది తెలియదు, ముందు ఆకు వస్తుందనుకుంటారు. వేరు కిందికే పోతుంది. మొలకెత్తిన గ్లాసును అడ్డంగా పడుకోబెట్టి ఒకటి రెండు రోజులు ఉంచండి. వేరు కొస వంగి మళ్లీ కిందికే తిరుగుతుంది. ఎవరు చెప్పారు దానికి?

చీకట్లో పెట్టిన గ్లాసు దగ్గర అసలు చర్చ వస్తుంది. అది కిటికీ దగ్గరి దానికంటే పొడుగ్గా పెరుగుతుంది. "అమ్మా, చీకటిదే గెలిచింది!" అంటుంది పిల్ల. అప్పుడు మీరు తొందరపడి కాదమ్మా అనకండి. నిజమే, పొడుగుంది అనండి. రంగు ఎట్లా ఉంది? పచ్చగా లేదు, పాలిపోయి ఉంది. కాడ ఎట్లా ఉంది? సన్నగా, వంగిపోతూ ఉంది. ఇంకో వారం చూడనీయండి. వెలుతురు వెతుక్కుంటూ ఉన్న సత్తువంతా పొడుగుకే పెట్టింది, గింజలో దాచుకున్న తిండి అయిపోయింది, తూలి పడిపోతుంది. పిల్లకు ఎవరూ చెప్పకుండానే తన మొదటి అభిప్రాయం తనే మార్చుకుంటుంది. కాలాములకు తథాగతుడు చెప్పింది ఇదే కదా. పెద్దలు అన్నారని, గ్రంథంలో ఉందని, నేను చెప్పానని కూడా ఒప్పుకోకండి, మీకై మీరు తెలుసుకోండి అన్నాడు. మూడోది ఎండిపోయే ఉంటుంది. నాలుగోదాంట్లో గింజలు ఉబ్బి, కుళ్లి వాసన వస్తాయి. నీళ్లు కావాలి కానీ మునిగిపోయేన్ని వద్దు. ఉడికినదానికి నీళ్లున్నా, వెలుతురున్నా లాభం లేదు.

ఇక్కడ పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. పక్కింట్లోనో, బడిలోనో విని ఉంటారు. "అమ్మా, దీన్ని దేవుడు మొలిపించాడా?" మన ఇళ్లల్లో ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "ఛ, దేవుడు లేడు గీవుడు లేడు, నోర్ముయ్." రెండోది, "అవన్నీ సైన్సు, పెద్దయ్యాక చదువుకుంటావులే." రెండూ పిల్ల నోరు మూయించే జవాబులే. గ్లాసుల దగ్గరికి తీసుకెళ్లండి. "నీళ్లు తీసేస్తే ఏమైంది? వెలుతురు తీసేస్తే ఏమైంది? గింజను ఉడకబెడితే ఏమైంది?" అని అడగండి. ఒక్కొక్కటి ఉంటే మొలక, లేకపోతే లేదు. కారణాలు కూడితే ఫలం, కారణాలు తప్పితే ఫలం లేదు. దీన్నే మనం పటిచ్చ సముప్పాదం అంటాం. ఆ పేరు ఐదేళ్ల పిల్లకు అక్కర్లేదు, అర్థం మాత్రం చేతికి అందుతుంది. బాబాసాహెబ్ కూడా కమ్మ గురించి వివరించేటప్పుడు ఋతు నియమం, బీజ నియమం అని విత్తనం సంగతి ఎత్తాడు. ఋతువులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, విత్తనం నుంచి చెట్టు, చెట్టు నుంచి పండు, పండు నుంచి విత్తనం. లోకంలో ఈ క్రమం ఉన్నట్టే నీతిలో కూడా ఒక క్రమం ఉందని ఆయన చెప్పాడు. మనిషి చేతలే ఆ క్రమాన్ని నిలబెడతాయి, సృష్టికర్త కాదు అన్నాడు. పెద్దయ్యాక పిల్ల ఆ అధ్యాయం చదివేనాటికి ఐదు గ్లాసులూ గుర్తుంటే చాలు.

పాత గోడ పగుల్లో రావి మొక్క కనిపిస్తే ఆగి చూపించండి. ఎవరూ నాటలేదు. రావి పండు తిన్న పిట్ట రెట్ట వేసింది, పగుల్లో కాస్త దుమ్ము, కాస్త తేమ ఉంది. అంతే, బోధివృక్షం జాతి మొక్క లేచింది. దానికి పసుపు కుంకుమ పెట్టి దయ్యమో దేవతో ఉందని భయపెట్టేవాళ్లు ఉంటారు. మన పిల్ల మాత్రం తలెత్తి పిట్ట కోసం వెతకాలి.

ఫోనులో ఇవన్నీ వీడియోలు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. ఫోనులో మొలక అర నిమిషంలో లేస్తుంది. ఇంట్లో నాలుగు రోజులు పడుతుంది. ఆ నాలుగు రోజులు ఎదురు చూడటంలోనే ఓర్పు అలవాటవుతుంది. మన పది పారమితల్లో ఖంతి ఒకటి.

పొలానికో కూలికో పోయి చీకటి పడ్డాక ఇంటికొచ్చే తల్లికి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అంటారా? వంట చేస్తూనే చెయ్యొచ్చు. బెండకాయను అడ్డంగా కోస్తే లోపల గదులు లెక్కపెట్టమనండి. పాలు తోడు పెట్టేటప్పుడు మూడు చిన్న గిన్నెలు పెట్టండి. గోరువెచ్చని పాలకు తోడు, గోరువెచ్చని పాలకు తోడు లేకుండా, చల్లటి పాలకు తోడు వేసి ఫ్రిజ్‌లో. ఫ్రిజ్ లేకపోతే మొదటి రెండే చాలు. పొద్దున చెంచా వేసి చూడమనండి. కంటికి కనపడని ప్రాణులు పాలను పెరుగు చేస్తాయని అప్పుడు చెప్పండి. పది నిమిషాల పని. ఈ పని తండ్రులు కూడా చెయ్యొచ్చు. వంటింట్లోకి వచ్చినందుకు ఎవరి గౌరవమూ తగ్గదు.

నీళ్ల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. వాన వెలిసి ఎండ వచ్చాక వాకిట్లోనో, మేడమీదో నీటిమడుగు నిలుస్తుంది. దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీయమనండి. గంట తర్వాత మళ్లీ గీత. మధ్యాహ్నానికి గీతలు ఒకదాని లోపల ఒకటి ఉంటాయి, మధ్యలో నీళ్లు కొన్ని. ఎవరు తాగారు? పిల్లలు కుక్క అంటారు, కాకి అంటారు, భూమి అంటారు. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి ఎండలో పెడితే భూమి తాగలేదని తేలుతుంది. కుండలో వేడినీళ్లు పోసి మూత పెట్టి, కాసేపాగి మూత తీస్తే అడుగున చుక్కలు. మబ్బు ఎట్లా అవుతుందో, వాన ఎట్లా పడుతుందో అక్కడ ఉంది.

అప్పుడు పిల్లకు ఇంకో ప్రశ్న వెయ్యండి. ఈ మబ్బులో ఏ ఊరి చెరువు నీళ్లున్నాయి? ఏ వాడ బావి నీళ్లున్నాయి? చెప్పలేం. అన్నీ కలిసిపోయాయి. ఈ సంగతి తెలిసిన బిడ్డకు మహాడ్ కథ చెప్పండి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువులో దోసిలి పట్టి నీళ్లు తాగాడు. పశువులు తాగే చెరువే అది, పిట్టలు తాగే చెరువే. మనిషి తాగితే మైలపడిందని పేడ, మూత్రం, పాలు, పెరుగు కుండలతో పోసి 'శుద్ధి' చేశారు. ఆ కథ విన్న పిల్ల నవ్వుతుంది, తర్వాత కోపం తెచ్చుకుంటుంది. తెచ్చుకోనివ్వండి. సుద్ద గీతలు గీసిన పిల్లకు ఆ అన్యాయం ఎంత తెలివితక్కువదో కూడా అర్థమవుతుంది.

విశాఖపట్నం వైపు ఉండేవాళ్లు, లేదా అటు యాత్రకు పోయేవాళ్లు, తొట్లకొండ, బావికొండ తప్పక చూపించండి. రాతిని తొలిచి వాననీళ్లు పట్టుకున్న తొట్లు ఉన్నాయి కాబట్టే అది తొట్లకొండ, బావులున్నది బావికొండ. సముద్రం పక్కన కొండమీద వర్షావాసం చేసిన భిక్షువులు తాగింది ఆ వాననీళ్లే. పిల్లలకు స్తూపం ఎత్తు ఎంత, ఎన్నో శతాబ్దం అని చెప్పి విసిగించకండి. తొట్టి దగ్గర నిలబెట్టి, "ఇందులోకి నీళ్లు ఎటు నుంచి వచ్చి ఉంటాయి?" అని అడగండి. వాలు వాళ్లే వెతుక్కుంటారు.

కర్నూలు జిల్లా యర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మందు మొక్కలు, దారిపక్క చెట్లు, బావులు గురించి ఆయన రాళ్ల మీద చెక్కించాడు. ఇంటి ముందు వేపమొక్క నాటే పిల్లకు ఈ సంగతి ఒక్క మాటలో చెబితే చాలు.

ఇప్పుడు ప్రాణుల దగ్గరికి వద్దాం. మొదటి శీలం ఇక్కడే ఉంది. సావత్థికీ జేతవనానికీ మధ్య దారిలో కొందరు పిల్లలు చేపల్ని హింసిస్తూ ఆడుకోవడం తథాగతుడు చూశాడని ఉదానంలో ఉంది. ఆయన కర్ర పట్టుకోలేదు, నరకం చూపించి భయపెట్టలేదు. పిల్లల్లారా, మీకు నొప్పి అంటే భయమా, నొప్పి మీకు ఇష్టమా అని అడిగాడు. భయమే అన్నారు వాళ్లు. అక్కడ నుంచి చెప్పుకొచ్చాడు. తూనీగకు దారం కట్టిన మన పిల్లవాడితో కూడా అట్లాగే మాట్లాడాలి. చెంపదెబ్బ కొట్టి 'అహింస' నేర్పితే వాడు నేర్చుకునేది చెంపదెబ్బ.

చీమల బారు చూపించండి. చక్కెర పలుకు పెట్టి పక్కన చతికిలబడండి. మొదటి చీమ ఎంతసేపటికి వచ్చింది, అది పోయి ఎంతమందిని పిలుచుకొచ్చింది, లెక్కపెట్టమనండి. బారుకు అడ్డంగా నేలమీద తడివేలు ఒక్కసారి గీస్తే చీమలు అక్కడ ఆగి తికమకపడతాయి. అవి వాసనను బట్టి దారి పట్టుకుంటాయి, మనం ఆ దారి చెరిపేశాం. కాసేపటికి మళ్లీ దారి కలుపుకుంటాయి. అరగంట చీమల్ని చూసిన పిల్ల ఆ రోజు చీమను నలపదు. మీరు చెప్పక్కర్లేదు. దీక్ష తీసుకున్నప్పుడు మనం పలికిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల పట్ల దయ చూపుతాననీ, వాటిని కాపాడతాననీ ఉంది. ఆ ప్రతిజ్ఞకు ఇంట్లో ఇంతకంటే మంచి అభ్యాసం నాకు కనపడలేదు. దోమలు, బొద్దింకల సంగతేంటని పిల్లలు అడుగుతారు. అడగాలి. నీళ్లు నిలవనీయకపోతే దోమ పుట్టదు, ఎంగిలి గిన్నెలు రాత్రి కడిగితే బొద్దింక రాదు, చంపే అవసరమే తగ్గుతుందని చెప్పండి.

చంద్రుడి సంగతి. అమావాస్య తర్వాత సన్నని నెలవంక కనిపించిన రోజు నుంచి పౌర్ణమి దాకా రోజూ ఒక్క బొమ్మ గీయమనండి. మబ్బు పట్టిన రోజు మబ్బే గీయనివ్వండి, ఊహించి గీయవద్దనండి. చూసింది చూసినట్టు చెప్పడం నాలుగో శీలానికి అభ్యాసం. ఉపోసథం రోజు విహారానికి వచ్చేటప్పుడు ఆ కాగితం పట్టుకురండి. గ్రహణం వస్తే మన ఇళ్లల్లో ఇంకా గర్భిణుల్ని గదిలో కూర్చోబెట్టడం, వండిన అన్నం పారబోయడం జరుగుతోంది. దీక్ష తీసుకున్న ఇళ్లల్లో కూడా. చీకటి గదిలో ఒక దీపం, ఒక బంతి, ఒక నిమ్మకాయ పెట్టండి. దీపం సూర్యుడు, బంతి భూమి, నిమ్మకాయ చంద్రుడు. పిల్ల తన చేత్తో నిమ్మకాయను తిప్పి బంతి నీడలోకి తెస్తుంది, మళ్లీ బయటికి తెస్తుంది. రాహువు అక్కడ ఎక్కడా కనపడడు. చంద్రగ్రహణం కంటితో చూడొచ్చు. సూర్యగ్రహణం మాత్రం వట్టి కళ్లతో చూడనీయకండి, అది కంటిచూపు సంగతి, మూఢనమ్మకం కాదు.

ఇంట్లో రోజూ బుద్ధవందన చేసేటప్పుడు పువ్వు పెడతాం. ఈ పువ్వు వాడిపోయినట్టే ఈ దేహమూ అని పూజాగాథలో అంటాం. అన్న వెంటనే మర్నాడు ఆ పువ్వు తీసి పారేసి కొత్తది పెడతాం. ఒక్క పువ్వును వారం పాటు పక్కన చిన్న గిన్నెలో ఉంచి రోజూ పిల్లకు చూపించండి. రంగు, వాసన, రేకులు. తర్వాత దాన్ని ఒక కుండలో మట్టిలో పూడ్చండి, అరటితొక్క, రాలిన ఆకు, ఒక షాంపూ ప్యాకెట్ కూడా పూడ్చండి. మట్టి తడిగా ఉంచి నెల తర్వాత తవ్వండి. పువ్వు కనపడదు, అరటితొక్క నల్లగా మట్టిలో కలిసిపోతుంటుంది, ప్యాకెట్ మెరుస్తూ అట్లాగే ఉంటుంది. అనిచ్చ అంటే ఏమిటో అక్కడ ఉంది. ప్యాకెట్ గురించి పిల్ల అడిగే ప్రశ్నకు జవాబు మన పెద్దవాళ్లం సిద్ధం చేసుకోవాలి. ప్లాస్టిక్ పూలదండలు వేసే విహార కమిటీలు కూడా.

ఇంట్లో అవ్వ ఉంటే ఆమెను గురువుగా కూర్చోబెట్టండి. ధాన్యంలో వేపాకు, వావిలాకు వేస్తే పురుగు పట్టదని ఆమెకు తెలుసు. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో తెలుసు. తాతలు లందలో సున్నం వేసి తోలుకు వెంట్రుక ఊడగొట్టి, తంగేడు చెక్కతో తోలు ఊనిన సంగతి చాలా ఇళ్లల్లో సిగ్గుతో దాచేస్తారు. సిగ్గెందుకు? కుళ్లిపోయే తోలును ఏళ్ల తరబడి మన్నే చెప్పుగా, మోటబొక్కెనగా, డప్పుగా మార్చిన చేతులవి. ఏ చెక్కలో ఏ గుణం ఉందో పరీక్షించి చూసి తెలుసుకున్నవాళ్లు వాళ్లు. ఆ పనిని మైల అన్నవాళ్లు ఆ చెప్పులే తొడుక్కుని తిరిగారు. తంగేడు చెక్కలో ఉండే వగరు పదార్థం లాంటిదే కరక్కాయలోనూ ఉంది. పిల్లతో కలిసి కరక్కాయ దంచి నీళ్లలో నానబెట్టండి. పసుపు గోధుమరంగు నీళ్లు వస్తాయి. అందులో తుప్పుపట్టిన మేకు వేసి ఒకటి రెండు రోజులు ఉంచండి. నీళ్లు నల్లబడతాయి. కలంకారీ బట్ట మీద నల్లగీత వచ్చేది కూడా కరక్కాయ, ఇనుము కలిసినందువల్లే. వడగట్టి, పుల్లతో ముంచి పిల్లను తన పేరు రాయమనండి. తాత పేరు కూడా.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. మూడు నాలుగేళ్ల పిల్లలు గింజల్ని ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. గింజల పని పెద్దవాళ్లు పక్కన ఉండగానే జరగాలి. గురివింద గింజ, గన్నేరు, ఉమ్మెత్త విషం. చూడొచ్చు, నోట్లో పెట్టకూడదని ముందే గట్టిగా చెప్పండి. వానాకాలంలో రాళ్లు, కట్టెలమోపులు చేత్తో ఎత్తనీయకండి, తేలు, పాము ఉంటాయి. మట్టిపని అయ్యాక సబ్బుతో చేతులు, గోళ్లు కడగాలి. బయట చెప్పులు వేసుకోవాలి. ఇందాక 'ఛీ, మట్టి' అన్న మాటకూ దీనికీ తేడా పిల్లకు తెలియాలి. చెయ్యి కడుక్కునేది క్రిములు పోవడానికి. కరక్కాయ నీళ్లు కూడా మందు అనుకుని తాగకుండా చూసుకోండి.

ప్రతి విహారం బాధ్యులకూ ఒక విన్నపం. ఈ వర్షావాసంలో ప్రతి ఇంటి పిల్ల ఒక కుండీలోనో, పాత డబ్బాలోనో ఒక మొక్క పెంచేట్టు చూడండి. చిక్కుడు, బెండ, బంతి, ఏదైనా సరే. డబ్బాకు అడుగున రంధ్రం మర్చిపోవద్దు. ఆశ్వయుజ పౌర్ణమికి వర్షావాసం ముగిసే రోజున పిల్లలు తమ మొక్కల్ని తెచ్చి బుద్ధ విగ్రహం ముందు వరసగా పెట్టాలి. మొక్క చనిపోయినవాళ్లు ఖాళీ డబ్బా తేవాలి, వాళ్లను వెనక్కి నెట్టకండి. ఒక్కొక్కరూ లేచి తన మొక్క ఎట్లా పెరిగిందో, లేదా ఎందుకు పెరగలేదో, తన మాటల్లో రెండు నిమిషాలు చెప్పాలి. మైకు వాళ్ల ఎత్తుకు దించండి. ఆ రోజుకు పెద్దవాళ్ల ఉపన్యాసాలు తగ్గించుకుందాం.

నమో బుద్ధాయ! జై భీమ్!